పడిపోతున్న సి ప్రోగ్రామ్‌ను రస్ట్‌లో తిరగరాయాలా?

ప్రశ్న: మా బృందంలో నలుగురం. పరికరాల నుంచి నెట్‌వర్క్ మీద వచ్చే రీడింగులను తీసుకుని డిస్క్‌లో భద్రపరిచే సర్వర్ ఒకటి మా చేతికొచ్చింది. లినక్స్ మీద నడుస్తుంది. సి భాషలో సుమారు 40 వేల లైన్లు. రాసి ఎనిమిదేళ్లయింది, మొదట రాసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. వారానికోసారి, ఒక్కో వారం రెండుసార్లు, సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో, అంటే ముట్టకూడని మెమరీని ముట్టుకుని, పడిపోతుంది. మళ్లీ మొదలుపెడితే ఏమీ జరగనట్టే నడుస్తుంది. ఒకసారి కరెంటు పోయి వచ్చాక సెట్టింగుల ఫైలు సున్నా బైట్లతో కనిపించింది. ఇద్దరు మొత్తం రస్ట్‌లో తిరగరాద్దామంటున్నారు, ఒకరు గో చాలంటున్నారు. నాకు సి తప్ప మరోటి రాదు. ఏం చేయమంటారు? నేను ఏ భాష నేర్చుకోవాలి?

సమాధానం: మొత్తం తిరగరాయొద్దు. ఇప్పుడప్పుడే అసలే వద్దు. ఇంట్లో ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకున్నట్టవుతుంది. అలాగని మీవాళ్లు రస్ట్ పేరెత్తడం తప్పని కాదు. మందు మంచిదే, నాడి ఎవరూ చూడలేదు. ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్‌లో, ఏ థ్రెడ్‌లో పడిపోతోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అది తేలేదాకా భాషల పంచాయితీ వాయిదా వేయండి.

మొదట కావలసింది కోర్ డంప్, అంటే పడిపోయిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ ఎలా ఉందో అలాగే ఫైలుగా రాసిపెట్టుకోవడం. చాలా సర్వర్లలో దీన్ని ఆపేసి ఉంచుతారు. లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ కింద నడిపేదైతే యూనిట్ ఫైలులో లిమిట్‌కోర్ విలువను ఇన్ఫినిటీగా పెట్టండి. సిస్టమ్‌డీ వాళ్ల కోర్‌డంప్ ప్యాకేజీ ఉంటే పడిపోయిన ప్రతిసారీ డంప్ తనే దాచిపెడుతుంది. దానితోపాటు ప్రోగ్రామ్‌ను 'జీ' ఆప్షన్‌తో, అంటే డీబగ్ సమాచారంతో, కంపైల్ చేయండి. దానివల్ల ఫైలు లావెక్కుతుందే తప్ప వేగం తగ్గదు. ఆప్టిమైజేషన్ (కంపైలర్ కోడ్‌కి వేగం పెంచడం) తీసేయనక్కర్లేదు. సర్వర్‌లో నడుస్తున్న బైనరీ ఏ కమిట్ (కోడ్‌లోని ఏ వెర్షన్) నుంచి తయారైందో రాసిపెట్టుకోండి. డంప్‌కీ బైనరీకీ పొంతన లేకపోతే డీబగ్గర్ జీడీబీ చూపించే ఫంక్షన్ పేర్లు నమ్మకంగా అబద్ధం చెబుతాయి.

డంప్ దొరికాక జీడీబీలో 'థ్రెడ్ అప్లై ఆల్ బీటీ' అని కొడితే అన్ని థ్రెడ్ల స్టాక్‌లూ, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఆ వరసలు, వస్తాయి. పడిపోయిన థ్రెడ్ ఒక్కటే కాదు, మిగతావీ చూడండి. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి: మెమరీ పాడైన కేసుల్లో పడిపోయిన చోటు, తప్పు జరిగిన చోటు సాధారణంగా ఒకటి కావు. ఒక ఫంక్షన్ ఎప్పుడో పాడుచేసిన పాయింటర్‌ను (మెమరీ చిరునామాను) పాపం మరో ఫంక్షన్ ఇప్పుడు ముట్టుకుంటుంది. అయినా ఆ పాయింటర్ విలువే చాలా కథ చెబుతుంది. విలువ సున్నానో, 24, 40 లాంటి చిన్న అంకెనో అయితే అది నల్ పాయింటర్, ఎక్కడికీ చూపించనిది. ఆ చిన్న అంకె స్ట్రక్ట్‌లో (కొన్ని ఫీల్డులను కలిపిన మూటలో) ఫీల్డు ఉన్న దూరం. విలువలోని బైట్లు అక్షరాలుగా చదవడానికి వస్తే ఏదో స్ట్రింగ్ తన బఫర్ దాటి పక్కవాడి మీదికి పొర్లింది. చూడటానికి మామూలు హీప్ (అడిగి తీసుకునే మెమరీ) అడ్రస్‌లాగే ఉండి, అందులోని సమాచారం మాత్రం వేరే రకం వస్తువుది అయితే, ఫ్రీ చేసేసిన, అంటే తిరిగి ఇచ్చేసిన, మెమరీని ఇంకా వాడుతున్నారని అర్థం. సెగ్మెంటేషన్ ఫాల్ట్ కాకుండా 'డబుల్ ఫ్రీ ఆర్ కరప్షన్' లాంటి మెసేజ్‌తో అబార్ట్ అయితే మెమరీ పంచిపెట్టే మాలాక్ తన సొంత లెక్కల పుస్తకం చెడిపోయిందని కనిపెట్టింది. ఎవరు చెరిపారో దానికీ తెలియదు.

ఆ 'ఎవరు' అన్నది తేల్చేది అడ్రస్ శానిటైజర్. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండింటిలోనూ ఉంది. 'ఎఫ్‌శానిటైజ్' ఆప్షన్‌కి అడ్రస్, అన్‌డిఫైన్డ్ రెండూ కలిపి ఇవ్వండి. ఫ్రేమ్ పాయింటర్‌ను తీసేయొద్దనే ఆప్షన్ చేర్చండి. ఆప్టిమైజేషన్ ఒకటో స్థాయిలో ఉంచండి. ప్రోగ్రామ్ దాదాపు రెండు రెట్లు నెమ్మదిస్తుంది, మెమరీ కూడా బాగా ఎక్కువే పడుతుంది. ఇలాంటిదే వాల్‌గ్రైండ్ అనే ఇంకో సాధనంతో 20 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి మీలాంటి నెట్‌వర్క్ సర్వర్‌కి అది పనికిరాదు, టైమ్‌అవుట్‌లన్నీ తలకిందులైపోతాయి. శానిటైజర్ బిల్డ్‌ను అసలు సర్వర్‌లో పెట్టకండి. బయటి ప్రపంచానికి ఎదురుగా నిలబెట్టడానికి దాన్ని తయారుచేయలేదు. టీసీపీడంప్‌తో ఒక రోజు ట్రాఫిక్ పట్టుకుని, ఇంకో యంత్రం మీద దాన్ని పదేపదే తిప్పండి.

ఎనిమిదేళ్ల నాటి సర్వర్ అంటున్నారు కాబట్టి ఒకటి వెతకండి: అందులో సొంత మెమరీ పూల్ ఏదైనా ఉందా? మాలాక్ నెమ్మది అని ఒక పెద్ద ముక్క తీసుకుని తామే పంచుకునే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. అలాంటి పూల్ ఉంటే అడ్రస్ శానిటైజర్‌కి ఆ పెద్ద ముక్క ఒక్కటే కనిపిస్తుంది. లోపల ఒక వస్తువు పక్కదాని మీదికి పొర్లినా నోరెత్తదు. 'శానిటైజర్ పెట్టాం, ఏమీ రాలేదు, మా కోడ్ శుభ్రం' అని చాలామంది మోసపోయేది ఇక్కడే. టెస్ట్ బిల్డ్‌లో పూల్‌ను పక్కకు తప్పించి నేరుగా మాలాక్, ఫ్రీ పిలిచేలా ఒక మాక్రో పెట్టండి. ఇంకో లొసుగు: ఫ్రీ చేసిన మెమరీని శానిటైజర్ వెంటనే తిరిగి ఇవ్వదు, కొంతకాలం విడిగా ఉంచుతుంది. 64 బిట్ లినక్స్‌లో ఆ దాపు మామూలుగా 256 ఎంబీ. ఫ్రీ చేశాక చాలాసేపటికి ముట్టుకునే బగ్ అయితే ఈలోగా ఆ మెమరీ దాపులోంచి బయటికి వెళ్లిపోయి ఉంటుంది. యంత్రంలో జాగా ఉంటే ఆ పరిమాణం పెంచండి.

థ్రెడ్లు లాక్ లేకుండా ఒకే డేటాను ముట్టుకునే చోట్లు పట్టే థ్రెడ్ శానిటైజర్ వేరే బిల్డ్, అడ్రస్ శానిటైజర్‌తో కలవదు. 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది. మొదటి రోజే వందల రిపోర్టులు వచ్చి పడితే కంగారుపడకండి. పదింటిలో తొమ్మిది ఒకే లాక్‌లేని కౌంటర్ గురించి అయి ఉండొచ్చు.

ఇంతకీ ఏం బయటపడొచ్చు? మీ సర్వర్ లక్షణాలు చూస్తే మూడు చోట్ల అనుమానం.

ఒకటి, ప్యాకెట్‌లోని పొడవును నమ్మడం. హెడర్‌లో 'ఇన్ని బైట్లు ఉన్నాయి' అని పరికరం చెబుతుంది, కోడ్ అన్ని బైట్లూ కాపీ చేస్తుంది, నిజంగా అన్ని వచ్చాయా లేదా చూడదు. 2014లో గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అచ్చంగా ఇదే: అవతలివాడు చెప్పిన పొడవును సరిచూడకపోవడం వల్ల అడిగిన ప్రతిసారీ 64 కేబీ దాకా సర్వర్ మెమరీ బయటికి పోయింది. సరిచూడటంలోనూ తప్పులు దొర్లుతాయి. 'పాయింటర్‌కి పొడవు కూడితే బఫర్ చివర దాటుతుందా' అని అడగకండి, ఆ కూడికే పొంగిపోవచ్చు, అంటే జవాబు దానికిచ్చిన బిట్లలో పట్టకపోవచ్చు. 'మిగిలిన బైట్లకంటే పొడవు ఎక్కువా' అని అడగండి, ఇందులో కూడిక లేదు. రికార్డుల సంఖ్యను ఒక్కో రికార్డు పరిమాణంతో గుణించే చోట మరీ జాగ్రత్త. 32 బిట్లలో 26,84,35,456ను 16తో గుణిస్తే జవాబు సరిగ్గా సున్నా. మాలాక్‌ను సున్నా బైట్లు అడిగి, ఆ తర్వాత అందులో కోట్ల రికార్డులు రాయడం మొదలవుతుంది. జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ పొంగిందో లేదో చెప్పే గుణకారం బిల్టిన్‌గా ఉంది, సి23 ప్రమాణంలో దానికో హెడర్ కూడా వచ్చింది. అది వాడండి. సైన్డ్ (రుణ విలువలూ పట్టే) పూర్ణాంకాలతో 'కూడితే చిన్నదైందా' అని సొంతంగా పరీక్ష రాసుకుంటే కంపైలర్ ఆ పరీక్షనే తీసిపారేయగలదు. సైన్డ్ అంకె పొంగడం సి ప్రమాణం ప్రకారం జరగకూడని పని. జరగదు అనుకునే కంపైలర్‌కి ఆ 'ఇఫ్' ఎప్పుడూ అబద్ధమే. ఆప్టిమైజేషన్ లేకుండా పనిచేసి, రెండో స్థాయిలో పడిపోయే ప్రోగ్రాముల్లో చాలావాటి గుట్టు ఇదే. కంపైలర్‌ని తిట్టి లాభం లేదు.

రెండు, రీఅలాక్, అంటే తీసుకున్న మెమరీ పరిమాణం మార్చే కాల్. బఫర్ నిండితే పెంచుతారు. పెంచినప్పుడు అది వేరే చోటికి కదలొచ్చు. పాత చోటిని చూపిస్తున్న పాయింటర్ ఎక్కడో ఒక స్ట్రక్ట్‌లో మిగిలిపోతుంది. మామూలు రోజుల్లో బఫర్ పెరగాల్సిన అవసరమే రాదు కాబట్టి ఏమీ కాదు. పరికరాలన్నీ ఒక్కసారిగా తిరిగి కనెక్ట్ అయిన రోజు పెరుగుతుంది, కదులుతుంది, పడిపోతుంది. 'వారానికోసారి' అన్న మీ మాటకి ఇది బాగా అతుకుతుంది. పడిపోయిన సమయాలను పరికరాల రీకనెక్ట్ లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూడండి, పది నిమిషాల పని. పాయింటర్‌కి బదులు బఫర్ మొదలు నుంచి ఎంత దూరమో ఆ అంకెను దాచుకోవడమే దీనికి మందు.

మూడోది పట్టుకోవడం కష్టం. ఏ కనెక్షన్‌లో పని ఉందో కెర్నల్‌ని అడిగే ఈపోల్ వాడే సర్వర్లలో ఒక్కసారికి, ఉదాహరణకు, 64 ఈవెంట్లు తెచ్చుకుని వరసగా చూస్తారు. మూడో ఈవెంట్ చూస్తున్నప్పుడు ఏదో కారణంతో ఒక కనెక్షన్‌ను మూసి దాని స్ట్రక్ట్‌ను ఫ్రీ చేశారు. పదో ఈవెంట్ అదే కనెక్షన్‌ది, దానిలోని పాయింటర్ ఇప్పుడు శవాన్ని చూపిస్తోంది. కెర్నల్‌ది తప్పు కాదు. మీరు మూయకముందే అది ఆ జాబితా ఇచ్చేసింది. మూసిన కనెక్షన్లను వెంటనే ఫ్రీ చేయకుండా 'చనిపోయినవి' అని గుర్తుపెట్టి ఒక జాబితాలో వేసి, 64 ఈవెంట్లూ అయ్యాక ఊడ్చేయండి. టైమ్‌అవుట్ల కోసం వేరే థ్రెడ్ ఉండి, అది కూడా కనెక్షన్లను ఫ్రీ చేస్తుంటే సమస్య రెట్టింపు. ఆ థ్రెడ్‌కి ఫ్రీ చేసే హక్కు తీసేయండి. అది మెయిన్ థ్రెడ్‌కి ఒక సందేశం పంపితే చాలు.

మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే, మొదటిదాని సంగతి వేరు గానీ, మిగతా రెండింటి అడుగున ఒకే ప్రశ్న ఉంది: ఈ మెమరీ ఎవరిది? ఎవరు ఫ్రీ చేయాలి, అప్పటికి ఇంకెవరి చేతిలోనూ అది లేదని ఎలా తెలుస్తుంది? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఉమ్మడి పాయింటర్ కథా అంతే, కాకపోతే ఇది ఒక్కోసారి రెండుసార్లు చస్తుంది. సిలో ఈ ప్రశ్నకి జవాబు రాసిన మనిషి తలలో ఉంటుంది. ఆ మనుషులు మీ దగ్గర లేరు. కాబట్టి మీరు చేయాల్సిన అసలు పని, తిరగరాసినా రాయకపోయినా, ఆ జవాబుల్ని కాగితం మీదికి తేవడం. పాయింటర్ తీసుకునే, ఇచ్చే ప్రతి బహిరంగ ఫంక్షన్‌కి హెడర్ ఫైలులో ఒక్క లైను చాలు: ఇది సొంతం చేసుకుంటుందా, పని అయ్యేదాకా అరువు తీసుకుంటుందా, పిలిచినవాడికి కొత్తగా ఇచ్చి ఫ్రీ చేసే బాధ్యత కూడా అప్పగిస్తుందా. ఈ మూడింటిలో ఎక్కడా ఇమడని ఫంక్షన్ ఎదురైతే, 'ఒక్కోసారి ఇలా, ఒక్కోసారి అలా' అనేది, దాని దగ్గర ఆగండి. బగ్ ఉండేది అక్కడే. 40 వేల లైన్లలో ఇలాంటి ఫంక్షన్లు కొన్ని వందలే ఉంటాయి. నలుగురూ కూర్చుంటే రెండు వారాల పని.

ఇక రస్ట్. మీరు హెడర్‌లో కామెంటుగా రాసే ఆ ఒక్క లైనును రస్ట్ టైపులో భాగం చేసి, తప్పితే కంపైల్ కానివ్వదు. దాని గొప్పతనం అక్కడుంది, కష్టమూ అక్కడే ఉంది. ఒక విలువకి యజమాని ఒక్కరే. చదవడానికి ఎంతమందికైనా అరువివ్వొచ్చు, మార్చడానికి ఒకసారికి ఒక్కరికే. పైన చెప్పిన రీఅలాక్ బగ్‌ను రస్ట్‌లో రాసి చూడండి: వెక్టర్‌లోని ఒక మూలకాన్ని అరువు పట్టుకుని ఉండగా ఇంకోటి తోయబోతే కంపైలర్ ఆపేస్తుంది. రెండు థ్రెడ్లు లాక్ లేకుండా ఒకే డేటాను మార్చడమూ అంతే. మీ కోడ్‌లోని ఓనర్‌షిప్ మీకే తెలియకుండా రస్ట్‌లోకి దూకితే మాత్రం ఆరు నెలలు కంపైలర్‌తో కుస్తీ పట్టి, చివరికి అన్నిటినీ రిఫరెన్స్ కౌంటింగ్‌లో (ఎంతమంది పట్టుకున్నారో లెక్కపెట్టుకునే పద్ధతిలో) చుట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. పాత ప్రోగ్రామ్‌లోని గందరగోళమే కొత్త భాషలో మళ్లీ తయారవుతుంది.

రస్ట్ ఏది పట్టుకోదో కూడా తెలిసుండాలి. డెడ్‌లాక్‌లు, అంటే థ్రెడ్లు ఒకదానికోసం ఒకటి కాచుకుని నిలిచిపోవడం, పట్టుకోదు. మెమరీ లీకులు ఆపుతానని మాట ఇవ్వదు. పూర్ణాంకం పొంగితే డీబగ్ బిల్డ్‌లో పానిక్ అవుతుంది (తప్పు చెప్పి ఆగుతుంది), రిలీజ్ బిల్డ్‌లో నోరు మూసుకుని చుట్టు తిరుగుతుంది. రస్ట్ బిల్డ్ సాధనమైన కార్గో ఫైలు రిలీజ్ ప్రొఫైల్‌లో ఓవర్‌ఫ్లో చెక్స్ ఆన్ చేసుకోవడం మర్చిపోకండి. శ్రేణి హద్దు దాటితే రస్ట్ ప్రోగ్రామ్ కూడా ఆగిపోతుంది. పక్క మెమరీని పాడుచేయకుండా ఆగుతుంది, అంతే తేడా. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలోనే 40 సెకన్లలోపు దారితప్పి ముక్కలైంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఆడా భాషలో, తప్పును వెంటనే పట్టుకునే భాష. పట్టుకుంది కూడా: 64 బిట్ల దశాంశ సంఖ్య 16 బిట్ల పూర్ణాంకంలో పట్టలేదని. పట్టుకున్నాక ఏం చేయాలో ఎవరూ సరిగ్గా ఆలోచించలేదు కాబట్టి దిశ చెప్పే కంప్యూటర్ తనను తాను ఆపేసుకుంది, దానికి తోడుగా పెట్టిన రెండోదీ అదే కారణంతో ఆగిపోయింది. మీ పరికరం ఒకటి చెత్త ప్యాకెట్ పంపినప్పుడు ఆ కనెక్షన్ ఒక్కటే తెగాలా, సర్వర్ మొత్తం ఆగాలా అన్నది మీరు తేల్చాల్సిందే.

మీ బృందంలోని రస్ట్ పక్షానికి ఒక మంచి ఆధారం ఇస్తాను, కానీ అది వాళ్లు అనుకునే వైపు పనిచేయదు. ఆండ్రాయిడ్‌లో దొరికే భద్రతా లోపాల్లో మెమరీ తప్పుల వాటా 2019లో 76 శాతం, 2024కి 24 శాతానికి పడిందని గూగుల్ ప్రకటించింది. పాత సి, సి++ కోడ్‌ను తిరగరాసి సాధించింది కాదిది. కొత్తగా రాసే కోడ్‌ను ఎక్కువగా రస్ట్ లాంటి భాషల్లో రాశారు, పాతదాన్ని చాలావరకు కదపలేదు. మెమరీ లోపాలు ఎక్కువగా కొత్త కోడ్‌లోనూ కొత్తగా మార్చిన కోడ్‌లోనూ ఉంటాయి, పాతబడేకొద్దీ తగ్గుతూ పోతాయి అన్నది వాళ్ల వాదన. ఎనిమిదేళ్లు దెబ్బలు తిన్న మీ కోడ్‌లో అర్థంకాని ప్రతి 'ఇఫ్' వెనకా ఏదో ఒక పరికరం చేసిన వింత పని ఉండి ఉంటుంది. తిరగరాస్తే ముందు పోయేవి అవే.

కాబట్టి శానిటైజర్ చూపించిన బగ్గులు సిలోనే సరిచేయండి. ఆ తర్వాత ఒకే ఒక్క భాగాన్ని రస్ట్‌లోకి తీసుకెళ్లండి: ప్యాకెట్ పార్సర్, అంటే వచ్చిన బైట్లను విడదీసి అర్థం చేసుకునే కోడ్. బయటివాళ్లు పంపే బైట్లను ముట్టుకునేది అదే, పైగా దానికి మిగతా ప్రోగ్రామ్‌తో సంబంధం తక్కువ. సరిహద్దు వీలైనంత సన్నగా ఉండాలి. ఒక పాయింటర్, ఒక పొడవు లోపలికి. సి ముందే కేటాయించి ఇచ్చిన స్ట్రక్ట్‌లోకి జవాబు, ఒక ఎర్రర్ కోడ్ బయటికి. స్టాటిక్ లైబ్రరీగా కట్టి మీ మేక్‌ఫైలులోనే లింక్ చేయండి, సి హెడర్‌ను సీబైండ్‌జెన్ అనే సాధనంతో పుట్టించండి.

ఆ సరిహద్దు దగ్గర జారిపడే చోట్లు కొన్ని కచ్చితంగా తెలిసినవే. స్ట్రక్ట్‌కి 'రెప్ర్ సి' (సి వరసే పాటించు) అని చెప్పకపోతే రస్ట్ ఫీల్డుల వరస మార్చేయగలదు. ఒక బైటు, 8 బైట్ల అంకె, మళ్లీ ఒక బైటు ఉన్న స్ట్రక్ట్ సిలో 24 బైట్లు. రస్ట్ తన ఇష్టానికి సర్దితే 16. రెండు వైపులా వేర్వేరు లెక్కలతో ఒకే మెమరీని చదివితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఖాళీ ప్యాకెట్‌కి సి కోడ్ నల్ పాయింటర్, సున్నా పొడవు పంపడం మామూలు. రస్ట్‌లో దాన్నుంచి నేరుగా స్లైస్ (పాయింటర్, పొడవు కలిసిన జత) తయారుచేయడం, పొడవు సున్నా అయినా సరే, నిషిద్ధం. ముందే చూసి వేరుగా తేల్చండి. రకాన్ని చెబుతూ సి నుంచి వచ్చే సంఖ్యను రస్ట్ ఈనమ్‌గా (జాబితాలోని విలువలకే పరిమితమైన టైపుగా) తీసుకోకండి, మామూలు బైటుగా తీసుకుని లోపల మార్చుకోండి. జాబితాలో లేని విలువ వస్తే ఈనమ్ ఉనికే అన్‌డిఫైన్డ్, ఆ తర్వాత ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వదు. రస్ట్ కేటాయించిన మెమరీని సి ఫ్రీ చేయకూడదు, తిరుగుముఖంగానూ అంతే. 'ఎక్స్‌టర్న్ సి' ఫంక్షన్ దాటి పానిక్ బయటికి పోబోతే 1.81 వెర్షన్ నుంచి ప్రోగ్రామ్ అక్కడికక్కడే అబార్ట్ అవుతుంది. మీకు అది ఇష్టం లేకపోతే లోపలే 'క్యాచ్ అన్‌వైండ్'తో పట్టి ఎర్రర్ కోడ్‌గా మార్చండి, అలాంటప్పుడు పానిక్ సెట్టింగు అబార్ట్‌లో ఉండకూడదు.

కంపైల్ కాగానే పాతదాన్ని తీసేయకండి, ఇల్లు అలకగానే పండగ కాదు. కొన్ని వారాలు ప్రతి ప్యాకెట్‌నూ రెండు పార్సర్లకీ ఇచ్చి, పాతదాని జవాబే వాడుతూ, తేడా వచ్చిన ప్యాకెట్లను ఫైలులో పడేయండి. ఆ ఫైలు మీ చేతిలో ఉండే అత్యంత విలువైన పత్రం అవుతుంది. పక్కనే లిబ్‌ఫజ్జర్‌తో యాదృచ్ఛిక బైట్లు రెండింటికీ తినిపించి జవాబులు సరిపోల్చండి. ఒక రాత్రి నడిపితే చాలా చెత్త బయటికొస్తుంది.

గో అన్న మీ మూడో మనిషిని తీసిపారేయకండి. సర్వర్‌ను ముక్కలు చేయడం కుదిరితే, ఉదాహరణకు రిపోర్టులు పంపే భాగాన్ని వేరే ప్రాసెస్‌గా తీస్తే, దాన్ని గోలో రాయడమే తెలివి. నెలల తరబడి నేర్చుకోనక్కర్లేదు, మెమరీ చింత గార్బేజ్ కలెక్టర్‌ది, వేల కనెక్షన్లకి వేల గోరొటీన్లు (గోలోని తేలికైన థ్రెడ్లు) పెట్టినా ఒక్కోటి 2 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది. కానీ సి ప్రాసెస్ లోపల లైబ్రరీగా దూర్చడానికి గో సరిపడదు. తన రన్‌టైమ్‌నీ, సిగ్నల్ హ్యాండ్లర్లనీ వెంటబెట్టుకుని వస్తుంది. అదీగాక గోలో రెండు గోరొటీన్లు లాక్ లేకుండా ఒకే స్లైస్‌ను మారిస్తే మెమరీ పాడవగలదు. భాష 'సేఫ్' అన్న మాట విని 'రేస్' ఆప్షన్‌తో టెస్టులు నడపడం మానేయకండి.

సున్నా బైట్ల ఫైలు సంగతి మీరు మామూలుగా రాసేశారు గానీ, నాకు క్రాష్ కంటే అదే ఎక్కువ భయం పుట్టించింది. దీనికి భాషతో ఏ సంబంధమూ లేదు, రస్ట్‌లో రాసినా అచ్చంగా ఇలాగే పోతుంది. ఉన్న ఫైలును 'ట్రంకేట్'తో తెరిస్తే ఆ క్షణమే పాత సమాచారం పోతుంది. కొత్తది రైట్ కాల్ తర్వాత కూడా ఇంకా కెర్నల్ మెమరీలోనే ఉంటుంది, డిస్క్‌కి చేరదు. మధ్యలో కరెంటు పోతే మిగిలేది సున్నా. సరైన వరస ఇది: అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైలు తెరవండి. రైట్ అడిగినదానికంటే తక్కువ బైట్లు రాయొచ్చు కాబట్టి లూప్‌లో రాయండి. సమాచారాన్ని డిస్క్‌కి చేర్చమని చెప్పే ఎఫ్‌సింక్ పిలిచి దాని జవాబు చూడండి, క్లోజ్ జవాబు కూడా చూడండి. అప్పుడు రీనేమ్‌తో పాతదాని మీదికి మార్చండి. చివరగా ఆ డైరెక్టరీని తెరిచి దానిమీద కూడా ఎఫ్‌సింక్ చేయండి. దీన్నే చాలామంది వదిలేస్తారు. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ పిలిచి 'ఈసారి సరే అంది' అని సంబరపడకండి. మొదటి విఫలంతోనే లినక్స్ ఆ పేజీలను శుభ్రమైనవిగా గుర్తుపెట్టి ఉండొచ్చు, రెండో 'సరే'కి అర్థం లేదు. 2018లో ఈ సంగతి బయటపడ్డాక పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ వాళ్లు ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్‌నే ఆపేసి లాగ్ నుంచి కోలుకునేలా మార్చుకున్నారు. మీ సర్వర్ కూడా తాత్కాలిక ఫైలును పారేసి, మొదటి నుంచి కొత్త ఫైలులో రాయాలి. రీడింగులు రాసే కోడ్‌లో ఇదే అలవాటు ఉందేమో ఈ వారమే చూడండి.

మీరు ఏది నేర్చుకోవాలంటే, రస్ట్. మీకు సి వచ్చు కాబట్టి అది ఏ తప్పుల్ని ఆపడానికి పుట్టిందో మీకు ఒంటికి తెలుసు. సి రానివాళ్లకి ఆ నియమాలు ఉత్త వేధింపులా కనిపిస్తాయి. లింక్డ్ లిస్ట్‌తో (ఒక్కో మూలకం తర్వాతిదాన్ని చూపించే జాబితాతో) మాత్రం మొదలుపెట్టకండి. సిలో మొదటి వారం రాసే ఆ లిస్ట్, అందులోనూ రెండు వైపులా లింకులున్నది, ఒక యజమాని అన్న నియమానికే అడ్డంగా ఉంటుంది; దానితో తలపడి భాషనే వదిలేసినవాళ్లున్నారు. మీ ప్యాకెట్ ఫార్మాట్ తీసుకుని, ఒక ఫైలులోంచి చదివి తెరమీద అచ్చువేసే చిన్న ప్రోగ్రామ్ రాయండి. పైన చెప్పిన పార్సర్‌కి అదే పునాది అవుతుంది.

మొత్తం తిరగరాయడం సరైన పని అయ్యే సందర్భమూ ఒకటుంది. మూడు నెలలపాటు శానిటైజర్ రిపోర్టులు ఏ ఫైలు నుంచి వచ్చాయో లెక్క రాసుకోండి. అన్నీ రెండు మూడు ఫైళ్ల చుట్టూనే తిరుగుతుంటే ఆ ఫైళ్లను తిరగరాయండి. నలభై ఫైళ్లలో చెదిరి ఉండి, ఒకటి సరిచేస్తే రెండు పుడుతుంటే, ఫంక్షన్ల పక్కన రాసిన ఓనర్‌షిప్ లైన్లు సగం చోట్ల 'ఒక్కోసారి' అనే అంటుంటే, అప్పుడు మీవాళ్లు చెప్పిందే రైటు. ఆ లైన్లూ, తేడా ప్యాకెట్ల ఫైలూ అప్పటికి మీ చేతిలో ఉంటాయి కాబట్టి కొత్త ప్రోగ్రామ్‌ను వాటితోనే మొదలుపెట్టొచ్చు.